వాడని ప్రోగ్రాములు: తీసివేసే ముందు



కంప్యూటరు కొని నాలుగేళ్ళు దాటిన ఏ ఇంట్లోనైనా, ఏ దుకాణంలోనైనా ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "సి డ్రైవు నిండిపోయిందట, ఎర్రగా చూపిస్తోంది, ఏం చేయాలి?" అని. వెంటనే పక్కనున్న కుర్రవాడు సలహా చెబుతాడు: "వాడనివన్నీ తీసేయండి సార్." మాట సబబుగానే ఉంది. అటక మీద చోటు చాలకపోతే పాత సామాను దించేస్తాం గదా! అయితే కంప్యూటరు దగ్గర ఈ సలహాలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, తీసేశామనుకున్నది చాలాసార్లు పోదు. రెండోది, పోకూడనిది పోతుంది. ఈ రెండో చిక్కు బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఉంటూ తెలుగులో రాసుకునే మనకు మరింత నష్టం తెస్తుంది. ఈనాటి ప్రసంగంలో ఎక్కువ భాగం దాని గురించే. కాని ముందు మొదటిది చూద్దాం. అది తెలియనిదే రెండోది బోధపడదు.

తెర మీద కనిపించే చిన్న బొమ్మ ఉంది చూశారూ, ఐకాను అంటామే, అది ప్రోగ్రాము కాదు. అది బోర్డు మాత్రమే. ఫలానా కొట్టు ఈ సందులో ఉంది అని వీధి మొదట్లో కట్టిన బోర్డు లాంటిది. బోర్డు పీకేస్తే కొట్టు ఖాళీ కాదు. కొట్టు ఎక్కడుందో మనకు తెలియకుండా పోతుంది, అంతే. ఐకానును పట్టి చెత్తబుట్టలో వేసి "తీసేశాను" అనుకునేవారు చాలామంది ఉన్నారు. వారి డ్రైవులో ఒక్క మెగాబైటు కూడా తగ్గదు.

ప్రోగ్రామును ఎక్కించినప్పుడు దాని భాగాలన్నీ ఒకేచోట కూర్చోవు. పెద్ద భాగం 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే ఫోల్డరులోకి వెళుతుంది. కొన్ని ముక్కలు విండోస్ ఫోల్డరులోకి చేరతాయి. మనం చేసుకున్న మార్పులు, అమరికలు మన పేరుతో ఉన్న ఫోల్డరులో, 'యాప్ డేటా' అనే చోట దాగి ఉంటాయి. ఏది ఎక్కడుందన్న వివరం రిజిస్ట్రీ అనే ఒక ఖాతా పుస్తకంలోకి ఎక్కుతుంది. 1995లో వచ్చిన విండోస్ 95 ఈ ఖాతా పద్ధతిని స్థిరపరిచింది. తీసివేయడానికి కంట్రోల్ ప్యానెల్‌లో 'యాడ్ రిమూవ్ ప్రోగ్రామ్స్' అనే ద్వారం కూడా దానితోనే వచ్చింది. విస్టా నాటికి దాని పేరు 'ప్రోగ్రామ్స్ అండ్ ఫీచర్స్' అయింది. 2021లో వచ్చిన విండోస్ 11లో 'సెట్టింగ్స్' తెరిచి, 'యాప్స్' లోకి వెళ్ళి, 'ఇన్‌స్టాల్డ్ యాప్స్' నొక్కాలి. పేరేదైనా పని ఒకటే. ఆ ప్రోగ్రాము తనతో తెచ్చుకున్న తొలగింపు పనివాణ్ణి పిలిచి, ఖాతా చూసి అన్ని ముక్కలూ ఏరివేయమని చెప్పడం. ఫోల్డరును చేత్తో తుడిచేస్తే ఆ పనివాడు కూడా దానితోపాటే పోతాడు. మిగిలిన ముక్కలు, ఖాతాలోని పద్దులు అనాథల్లా అలాగే పడి ఉంటాయి. అందుకని ఎప్పుడూ ఆ ద్వారం గుండానే వెళ్ళాలి.

ఆ జాబితా తెరవగానే దాన్ని సైజు ప్రకారం అమర్చుకోండి. పెద్దవి పైకి వస్తాయి. అక్కడ చాలామందికి ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. వాడని ప్రోగ్రాములన్నీ కలిపినా, డ్రైవులో పోయిన చోటులో చిన్న భాగమే కావచ్చు. ఫోనుతో తీసిన ఒక్క నిమిషం వీడియో వంద మెగాబైట్లు దాటవచ్చు. మేనల్లుడి పెళ్ళి వీడియో, దాని నకలు, ఫోను నుంచి ఏటేటా దించిన బొమ్మలు, 'డౌన్‌లోడ్స్' ఫోల్డరులో పడి ఉన్న పాత సెటప్ ఫైళ్ళు, ఇవే అసలు మేత మేసేవి. విండోస్ కూడా తక్కువ తినదు. విండోస్ 95 పదమూడు ఫ్లాపీల్లో వచ్చేది. విండోస్ 11 పెట్టాలంటే కనీసం 64 గిగాబైట్ల డ్రైవు ఉండాలని తయారీదారు మాట. కాబట్టి ముందు వీడియోల సంగతి చూసుకుని, ప్రోగ్రాముల జోలికి తర్వాత వెళ్ళడం తెలివైన పని.

నిస్సంకోచంగా తీసేయదగ్గవీ ఉన్నాయి. కొత్త కంప్యూటరుతోపాటు నెలరోజుల పరీక్ష కోసం వచ్చి, గడువు తీరాక రోజూ డబ్బు కట్టమని అడిగే వైరస్ నిరోధకాలు అలాంటివే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచీ వైరస్ కాపలా విండోస్‌లోనే ఉంది. పాత నోకియా ఫోనులో పాటలు ఎక్కించడానికి పెట్టుకున్న పి.సి. సూట్, ఎప్పుడో అమ్మేసిన ప్రింటరు తాలూకు సరంజామా, ఎవరూ ఆడని ఆటలు, ఇవన్నీ పోయినా బాధ లేదు. ఫ్లాష్ ప్లేయరు ఇంకా ఉంటే అది తప్పకుండా పోవాలి. అడోబి దానికి 2020 డిసెంబరు 31తో స్వస్తి చెప్పింది, 2021 జనవరి 12 నుంచి అందులో ఏదీ నడవకుండా ఆపేసింది. మరమ్మతు చేసేవారు లేని తలుపు దొంగకే పనికివస్తుంది.

అదే జాబితాలో 'మైక్రోసాఫ్ట్ విజువల్ సి ప్లస్ ప్లస్' అనే పేరుతో అయిదారు వరుసలు, ఒక్కొక్కదాని పక్కన ఒక్కో సంవత్సరం అంకెతో కనిపిస్తాయి. "ఇన్నెందుకు, నేనెప్పుడూ తెరవలేదే" అని వాటిని తీసేయకండి. అవి మీరు వాడేవి కావు, మీరు వాడే ప్రోగ్రాములు వాడుకునేవి. ఒకటి లాగితే దాని మీద ఆధారపడ్డది మర్నాడు తెరుచుకోదు. చోటు కూడా పెద్దగా కలిసిరాదు.

మరో అపోహ కూడా ఉంది. వాడని ప్రోగ్రాము డ్రైవులో పడి ఉన్నంత మాత్రాన కంప్యూటరు నెమ్మదించదు. బీరువాలో మడతపెట్టిన దుప్పటి మన నడకకు అడ్డం రాదు గదా! నెమ్మదింపజేసేవి వేరు. స్విచ్చి వేయగానే మనం పిలవకుండానే లేచి కూర్చునేవి కొన్ని ఉంటాయి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే వచ్చే టాస్క్ మేనేజరులో 'స్టార్టప్' అనే చోట వాటి పట్టీ ఉంటుంది. అక్కర్లేనివాటిని అక్కడే నిలిపేస్తే చాలు, తీసేయనక్కర్లేదు. డ్రైవు పూర్తిగా నిండిపోతే మాత్రం నెమ్మది తప్పదు. మెమరీ చాలనప్పుడు డ్రైవులో కొంత భాగాన్ని విండోస్ తాత్కాలికంగా వాడుకుంటుంది. ఆ జాగా కూడా లేకపోతే యంత్రానికి ఊపిరాడదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

మన సరిహద్దు ఊళ్ళలో డి.టి.పి. సెంటరు కంప్యూటరును ఒకసారి ఊహించుకోండి. బళ్ళారిలో అయితే కన్నడానికి నుడి, తెలుగుకు అను ఫాంట్లు. బరంపురంలో ఒడియాకు ఆకృతి, తెలుగుకు మళ్ళీ అను. షోలాపూరు వైపు వెళితే శ్రీలిపి కనిపిస్తుంది. హోసూరులో తమిళం పెట్టె తమిళానిది, తెలుగు పెట్టె తెలుగుది. ఒకే యంత్రంలో రెండు మూడు భాషల సరంజామా. అందులో తెలుగు పని నెలకు రెండో మూడో వస్తుంది, ఒక శుభలేఖ, ఒక గుడి కరపత్రం, తెలుగు సంఘం వార్షికోత్సవ సంచిక. మిగతా నెలంతా ఆ తెలుగు ప్రోగ్రాము నిద్రపోతూ ఉంటుంది. చోటు కోసం వెతికేవాడికి "వాడనిది" అని మొట్టమొదట కంటబడేది అదే. పైగా యంత్రం బాగుచేసే కుర్రవాడికి తెలుగు చదవడం రాకపోవచ్చు. వాడికి ఆ ఫైలు తెరిస్తే, ఫాంటు లేనప్పుడు, పొల్లు గీతలు, గుర్తులు, ఇంగ్లీషు అక్షరాలు కలగలిసిన గందరగోళం కనిపిస్తుంది. "ఫైలు పాడైపోయింది" అంటాడు. మనమూ నమ్మేస్తాం. ఇరవై ఏళ్ళ సంచికలు అలా పాడైన ఫైళ్ళ లెక్కలో పడి చెత్తబుట్టలోకి వెళ్తాయి.

ఆ ఫైలు పాడు కాలేదు. ఎందుకో చెబుతాను.

కంప్యూటరుకు అక్షరం తెలియదు, అంకె తెలుసు. 65 అంటే ఇంగ్లీషు పెద్ద 'ఏ' అని దాని లెక్క. పాత పద్ధతిలో ఒక ఫాంటులో మొత్తం 256 గళ్ళుండేవి. పూర్వం అచ్చుకూటాల్లో సీసపు అక్షరాలు సర్దే గళ్ళ పెట్టెను తలుచుకోండి. ఆ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలు ఉండాల్సిన గళ్ళలో తెలుగు ముక్కలు సర్దేశారు మనవాళ్ళు. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో కొమ్ము, మరో గడిలో క వత్తు. ఏ గడిలో ఏ ముక్క పెట్టాలో ఒక్కో కంపెనీ ఒక్కో రకంగా నిర్ణయించుకుంది. మీ ఫైలులో దాచి ఉన్నది గడి నంబర్లు మాత్రమే. ఆ పెట్టె, అంటే ఆ ఫాంటు, ఉన్నంతకాలం అది తెలుగు. పెట్టె తీసేస్తే కంప్యూటరు అదే నంబర్లకు తనకు తెలిసిన ఇంగ్లీషు పెట్టెలోంచి ముక్కలు తీసి చూపిస్తుంది. పోయింది రాత కాదు, దాన్ని చదివే కన్ను.

దీనికి మందు లేకపోలేదు. యూనికోడ్ అనేది ప్రపంచ భాషలన్నిటికీ ఒకే గళ్ళ పెట్టె. 1991లో వచ్చిన దాని మొదటి కూర్పులోనే తెలుగుకు చోటు ఉంది. 2001లో విండోస్ ఎక్స్‌పి వచ్చినప్పుడు గౌతమి అనే యూనికోడ్ తెలుగు ఫాంటు దానితోనే వచ్చింది. కాని అచ్చు పని చేసేవారు అటు కదలలేకపోయారు. వారి చేతిలోని పేజ్‌మేకరుకు యూనికోడ్ తెలియదు. ఆ పేజ్‌మేకరు చివరి పెద్ద కూర్పు, 7వది, కూడా అదే 2001లో వచ్చి ఆగిపోయింది. చిన్న ఊళ్ళలో దానితోనే ఆ తర్వాత ఏళ్ళకేళ్ళు పని సాగింది. అందుచేత మన సంఘాల చరిత్ర, వంశవృక్షాలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు, స్థల పురాణాలు చాలావరకు ఆ పాత గళ్ళ నంబర్లలోనే ఉన్నాయి. హైదరాబాదులోనో విజయవాడలోనో ఒక సంచిక ఫైలు పోతే ఏ గ్రంథాలయంలోనో అచ్చు ప్రతి దొరకవచ్చు. జయపురంలోనో సిరొంచలోనో రెండు వందల ప్రతులు వేసి పంచిన సంచికకు ఆ ఫైలే మూలప్రతి, ఆ ఫైలే చివరి ప్రతి.

ఇది తొందరపడాల్సిన కాలం కూడా. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్టు మామూలు మద్దతు ఆపేసింది. ఎంతోమంది పాత యంత్రాలు మార్చేస్తున్నారు, ఉన్నవాటిని తుడిచి కొత్తది ఎక్కిస్తున్నారు. పాత సాఫ్ట్‌వేరులో కొన్ని కొత్త యంత్రాల మీద అసలు ఎక్కవు. విండోస్ 95కు ముందు కాలానికి చెందిన 16 బిట్ ప్రోగ్రాములు నేటి 64 బిట్ విండోస్‌లో నడవవు. విండోస్ 11లో అయితే 64 బిట్ తప్ప వేరే రకం లేదు.

కాబట్టి తెలుగు ప్రోగ్రామును తీసేసే ముందు, లేదా యంత్రాన్ని తుడిపించే ముందు, అది బతికి ఉండగానే దానితో చేయించుకోవలసిన పని ఒకటుంది. డ్రైవు మొత్తంలో పేజ్‌మేకరు ఫైళ్ళు ఎక్కడెక్కడున్నాయో వెతకండి. పేరు చివర చుక్క తర్వాత 'పి 65' అనో, 'పి.ఎం.డి.' అనో ఉంటుంది. వర్డ్‌లో చేసినవీ ఉండవచ్చు. ఒక్కొక్కటీ తెరిచి, తెలుగు తెలుగులా కనిపిస్తోందని చూసుకుని, ఫాంట్లు లోపలే ఇమిడేలా పి.డి.ఎఫ్. చేసి దాచండి. అలా చేసిన పి.డి.ఎఫ్. ఏ కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా అచ్చు కాగితంలాగే కనిపిస్తుంది. అయితే ఒక మెలిక. అది చూడడానికే. అందులోంచి నాలుగు వాక్యాలు తీసి వేరేచోట అతికిస్తే మళ్ళీ పాత గందరగోళమే వస్తుంది, లోపల ఉన్నవి ఇంకా పాత గడి నంబర్లే గనుక.

మళ్ళీ వాడుకోవాలనుకునే రాతను యూనికోడ్‌లోకి మార్పించాలి. ఈ పనికి మార్పిడి ప్రోగ్రాములు ఉన్నాయి. మీ ఫాంటు ఏ కంపెనీదో తెలుసుకుని దానికి తగినదే వాడాలి. మార్చాక నమ్మి వదిలేయకండి, మూలంతో పక్కపక్కన పెట్టి చదవండి. వత్తుల దగ్గర, అంకెల దగ్గర, బ్రాకెట్లు, కొటేషన్ల దగ్గర తప్పులు దొర్లుతాయి. ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు ముఖ్యంగా చూడాలి. సంయుక్తాక్షరంలో ఒక్క వత్తు జారితే ఇంటిపేరే మారిపోతుంది. ఇది ఓపికతో చేయాల్సిన పని. ఇంట్లో తెలుగు బాగా చదవగల పెద్దవారుంటే వారికి అప్పగించండి. అమ్మమ్మలకు, తాతయ్యలకు కంప్యూటరుతో సరిపడదనుకోవడం అన్యాయం. అచ్చుతప్పు పట్టడంలో వారి కన్ను మన కన్నుకంటే చురుకైనది.

"అయ్యో, ఇదంతా ముందు తెలియలేదే, తీసేసి ఏడాది అయింది" అనేవారికి కూడా దారి ఉంది. ఫైలు మిగిలి ఉంటే రాత మిగిలి ఉన్నట్టే. దాన్ని వర్డ్‌లో తెరిచి, గందరగోళంగా ఉన్న వాక్యం మీద కర్సరు పెట్టి, పైన ఫాంటు పేరు చూపే గడి చూడండి. ఫాంటు యంత్రంలో లేకపోయినా దాని పేరు అక్కడ నిలిచే ఉంటుంది. పేజ్‌మేకరు ఉంటే అది తెరిచేటప్పుడే లేని ఫాంట్ల పేర్లు చెబుతుంది. ఆ పేర్లు కాగితం మీద రాసుకుని, ఫైలును సేవ్ చేయకుండా మూసేయండి. అదే కుటుంబం ఫాంట్లు మీ ఊళ్ళో వేరే డి.టి.పి. సెంటరులో ఉండవచ్చు. పెన్‌డ్రైవులో ఫైలు పట్టుకుని అక్కడికి వెళితే పది నిమిషాల్లో తెలుగు మళ్ళీ తెర మీదికి వస్తుంది. పేజ్‌మేకరే లేనివారికి, ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీసు ఉంది. 2015లో వచ్చిన దాని 4.4 కూర్పు నుంచీ పేజ్‌మేకరు ఫైళ్ళను కొంతవరకు తెరుస్తుంది. పేజీ అందం చెదిరినా రాత బయటపడితే చాలు గదా!

ఇంతా చేసి, ఆ తెలుగు ప్రోగ్రాము తీసేస్తే కలిసివచ్చే చోటెంత? ఒక ఫాంటు ఫైలు సాధారణంగా కొన్ని వందల కిలోబైట్లకు మించదు. యాభై ఫాంట్లు కలిపినా ఆ పెళ్ళి వీడియోలో అర నిమిషానికి సరిపోవు. నా అభిప్రాయం అడిగితే, పాత ఫైళ్ళన్నీ మార్చుకునేదాకా దాన్ని ముట్టుకోనే వద్దంటాను.

మారుమూల ఇలాంటివే మరికొన్ని ఉన్నాయి. గూగుల్ పికాసాను 2016లో ఆపేసింది, విండోస్ మూవీ మేకరును 2017 జనవరి 10 తర్వాత మైక్రోసాఫ్టు ఇవ్వడం మానేసింది. ఏడాదికోసారైనా వీటితో పని ఉన్నవారు తీసేస్తే, తయారుచేసినవారి దగ్గర మళ్ళీ దొరకవు. కొట్లలో లెక్కలకు టాలీ వాడేవారు పాత యంత్రం వదిలే ముందు డేటాను వేరే డ్రైవులోకి బ్యాకప్ తీసుకోవాలి. లైసెన్సును 'సరెండర్' చేసి కొత్త యంత్రానికి తెచ్చుకోవడం కూడా మరవకూడదు. ఆ పని పాత యంత్రం నడుస్తున్నప్పుడే సులువు.

చివరగా ఒక చిన్న వస్తువు సంగతి. కొన్ని భాషా సాఫ్ట్‌వేర్లతో, పాత టాలీతో, 'లాక్' అని ఒక బిళ్ళ వచ్చేది. ప్రింటరు తీగ తగిలించే వెడల్పు రంధ్రంలో అది పెడితేనే ప్రోగ్రాము తెరుచుకునేది. కొత్త కంప్యూటర్లలో ఆ రంధ్రమూ లేదు, ల్యాప్‌టాపుల్లో చాలావాటికి సి.డి. పెట్టే అరా లేదు. కనుక పాత సి.డి.లను ఇప్పుడే, చదవగలిగే యంత్రం ఉండగానే, పెన్‌డ్రైవులోకి నకలు తీయించండి. దాని సీరియల్ నంబరు సి.డి. పెట్టె మీద ఉంటుంది, అది కూడా రాసి పెట్టండి. అలాంటి బిళ్ళతో నడిచే తెలుగు ప్రోగ్రాము ఇంకా పనిచేస్తున్న పాత యంత్రం మీ సంఘం గదిలోనో, బల్ల కిందో ఉంటే, దాన్ని పాత ఇనుము కింద అమ్మకండి. ఎక్స్‌పికి భద్రతా మరమ్మతులు 2014 ఏప్రిల్ 8తోనే ఆగిపోయాయి కాబట్టి ఇంటర్నెట్టు తీగ మాత్రం పీకేయండి. మూణ్ణెల్లకోసారి స్విచ్చి వేసి కాసేపు నడపండి. ఏ పూట ఏ పాత ఫైలుతో ఎవరు వస్తారో, దాన్ని తెరిచేది అదొక్కటే కావచ్చు.